ఏడేళ్లు నాలుగేళ్లయ్యాయి: తమ్ముడి శిక్ష మీద మా అప్పీలు

మా తమ్ముడి ఆటోలో ఎనిమిది కిలోల గంజాయి దొరికింది. తెలిసే ఎక్కించుకున్నాడు, డబ్బు కోసం. ఈ మాట ఒప్పుకోవడానికే మా ఇంట్లో చాలా నెలలు పట్టింది.

విజయవాడ కోర్టు ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష, యాభై వేల జరిమానా వేసింది. శిక్ష వేసే ముందు ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జిగారు అడిగితే వాడు తలొంచుకుని "అమ్మ ఉందండి" అన్నాడు. మొదటి నేరం, తగ్గించండి అని మా వకీలు అడిగారు. జడ్జిగారు ఒప్పుకోలేదు. వయసు గురించీ ఇంటి పరిస్థితి గురించీ ఒక్క కాగితం కూడా మేం ఇవ్వలేదు. ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు మాకు.

జైల్లో బుద్ధిగా ఉంటే రెమిషన్ (శిక్షా కాలంలో తగ్గింపు) వస్తుంది, ఆగస్టు 15కి వదిలేస్తారు అని చుట్టాలు ధైర్యం చెప్పారు. అది నమ్మి కూర్చుంటే మునిగిపోయేవాళ్లం. మాదకద్రవ్యాల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 32-ఎ ప్రకారం ఈ కేసుల్లో రెమిషన్ లేదు. ఏడేళ్లంటే ఏడేళ్లే. మిగిలింది హైకోర్టే, అక్కడ అప్పీలు వేయడానికి గడువు 60 రోజులు. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారని తెలిసి లీగల్ సర్వీసెస్ వాళ్లకు అర్జీ పెట్టాం.

కొత్త వకీలు గారు తీర్పు కాపీ అంతా చదివి నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్ల కంటే తక్కువ వేసే అధికారం కోర్టుకు లేదమ్మా. మీది కిలోకి పైన, 20 లోపల. పదేళ్ల దాకా వేయొచ్చు, కానీ కనీసం ఇంత అని చట్టంలో లేదు. తూకం, శాంపిళ్లు, సీళ్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. శిక్ష మీద మాత్రమే అడుగుదాం."

అమ్మ ఒప్పుకోలేదు. మా వాడు ఏ తప్పూ చేయలేదని రాయండి అని ఏడ్చింది. చివరికి ములాఖత్‌లో వాడే తేల్చాడు: "చేశాను కదక్కా. తగ్గించమని అడుగు, చాలు."

అప్పుడు కాగితాల వేట. పదో తరగతి మార్కుల లిస్టు, అమ్మ గుండె మందుల చీటీలు, ఆటో ఫైనాన్స్ పుస్తకం, పాత కేసులు లేవని అఫిడవిట్, జైల్లో నడవడిక బాగుందన్న సర్టిఫికెట్. అన్నీ నేను పనిచేసే బట్టల కొట్టు కవర్లో పెట్టుకుని, బస్టాండులో బస్సెక్కి, బ్యారేజీ దాటి హైకోర్టు ఉన్న నేలపాడు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. అప్పీలు తేలేదాకా బయట ఉండనివ్వమని వేసిన శిక్ష నిలుపుదల పిటిషన్ కొట్టేశారు. అప్పీలు విచారణకు రావడానికి ఏడాది దాటింది. వాదన మాత్రం పది నిమిషాలే. మార్కుల లిస్టు, మందుల చీటీలు జడ్జిగారు ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంటే నా చేతులు వణికాయి.

నేరం ఖాయం చేశారు. ఏడేళ్లను నాలుగేళ్లకు తగ్గించారు. రిమాండులో ఉన్న 14 నెలలూ అందులోనే మినహాయింపు. జరిమానా తగ్గలేదు, కట్టకపోతే ఇంకో ఆరు నెలలు. అమ్మ చెవి దుద్దులు తాకట్టు పెట్టి కట్టాం. చలానా జిరాక్సు, హైకోర్టు ఆర్డరు రెండూ జైలుకు చేరాకే విడుదల తేదీ లెక్కకట్టి చెప్పారు. అమ్మ ఆ తేదీని గోడ క్యాలెండర్ వెనక అట్ట మీద రాయించుకుంది, ఆ ఏడాది క్యాలెండర్ ఇంకా రాలేదు మరి.