పదహారేళ్లప్పటి మెసేజ్‌లు

పాత ఫోన్‌లో 2020 నాటి, కరోనా కాలపు మెసేజ్‌లు దొరికాయి. అప్పుడు నాకు పదహారేళ్లు. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఇటలీ అమ్మాయి రాసింది: "మార్చి 5 నుంచి బడులు మూసేశారు, పది రోజులేనట." ఆ విద్యా సంవత్సరంలో వాళ్లు మళ్లీ తరగతి గది చూడనేలేదు. కొద్ది రోజులకే మా బడీ మూతపడింది.

ఆ ఏప్రిల్‌లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్క. బ్రిటన్‌లో పరీక్షలు రద్దుచేసి కంప్యూటర్ లెక్కతో గ్రేడ్లు ఇచ్చారు. పిల్లలు రోడ్డెక్కాకే వెనక్కి తీసుకున్నారు. ఉగాండాలో బడులు పూర్తిగా తెరుచుకున్నది 2022 జనవరిలో. అప్పటికి పనుల్లో కుదురుకుని, పెళ్లిళ్లయిపోయి, తిరిగి రాని పిల్లలు ఎందరో!

"మీకేం, సెలవులేగా" అనేవాళ్లు పెద్దవాళ్లు. ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ వయసులో స్నేహితులే సగం ప్రాణం. రాత్రంతా నిద్ర ఉండేది కాదు, ఇంట్లో ఎవరికి దగ్గు వచ్చినా టెన్షన్. కెమెరా ఆపేసి, క్లాసు నడుస్తుండగానే ఏడ్చిన రోజులున్నాయి. ఆ ఇటలీ అమ్మాయీ అంతేనట. భాష వేరు, దేశం వేరు, ఏడుపు మాత్రం ఒకటే.

నాకు కనీసం సొంత ఫోన్ ఉంది. అది కూడా లేని పిల్లలు ఆ రెండేళ్లు ఎలా గడిపారో!

తనకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.