ఐదో మడి

బీడులో మట్టి ఎలా ఉందో చూడటానికి నేను పట్టుకెళ్లేవి రెండే. ఒక పార, ఆరు అంగుళాల వ్యాసమున్న పైపు ముక్క. పైపును కొంచెం దిగగొట్టి 444 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తాను. అంటే ఒక అంగుళం వాన పడ్డట్టు. అవి ఇంకాక మళ్లీ అంతే పోసి, రెండోసారి పట్టిన టైమే లెక్కలోకి తీసుకుంటాను. మొదటిసారి పొడిమట్టి ఎలాగూ తాగేస్తుంది.

ఆరేళ్ల కిందట అరగంట దాటినా నీళ్లు ఇంకేవి కావు. అప్పట్లో ఆవులను ఏడాది పొడవునా బీడంతా వదిలేసేదాన్ని. నచ్చిన గడ్డి చిగురేయగానే మళ్లీ మళ్లీ కొరికేవి. ఆకు సగానికి మించి పోతే వేరు ఎదగడం ఆగిపోతుందట. పారతో తవ్వి, రెండంగుళాల వేళ్లు చూశాకే నమ్మాను.

ఇప్పుడు తీగ కట్టి 12 మడులు చేశాను. ఒక్కో దాంట్లో మూడు రోజులే. అంతకన్నా ఉంచితే కొత్త చిగురు కూడా పోతుంది. మేసి మేసి గడ్డి నాలుగంగుళాలకు తగ్గగానే పక్క మడికి తోలేస్తాను. గడ్డి ఎదగని నెలల్లో ఒక మడిని వదులుకుని, ఆవులన్నిటినీ అక్కడే ఉంచి ఎండుగడ్డి వేస్తాను.

రెండో ఏడు ఒక పిచ్చిపని చేశాను. వాన వెలిసిన మర్నాడే, వంతు వచ్చింది కదా అని ఐదో మడిలోకి వదిలాను. గిట్టల గుంటల్లో నీళ్లు నిలిచాయి. ఆరాక తవ్వితే మట్టి పలకలు పలకలుగా లేచింది, వేళ్లు కిందికి దిగలేక అడ్డంగా మళ్లాయి. ఇప్పుడు బూటు మడమ దిగబడితే చాలు, వంతూ లేదు గింతూ లేదు.

నీళ్ల తొట్టి సంగతి ఆలస్యంగా అర్థమైంది. ఆవు తిన్న పోషకాల్లో చాలావరకు పేడగా, మూత్రంగా నేలకే తిరిగొస్తాయి, కానీ తొట్టి ఒకేచోట ఉంటే అన్నీ దాని చుట్టూనే. మట్టి పరీక్షలో అక్కడ భాస్వరం, పొటాష్ ఎక్కువ, దూరపు మూలలో తక్కువ. తొట్టిని ఆవులతో పాటే జరపడం మొదలుపెట్టాను.

సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన వేళ్లు, పేడ వల్ల మట్టిలో చేరే కర్బనం, మాత్రం మూడేళ్లూ కదల్లేదు. రిపోర్టు చూసి నీరసం వచ్చింది. అది మెల్లగా పెరిగేదే. పైగా ప్రతిసారీ ఒకే లోతులో, ఒకే కాలంలో మట్టి తీయకపోతే ఆ కాస్త తేడా కూడా కనబడదు. వానపాములు మాత్రం ముందే వచ్చేశాయి.

మొన్న మళ్లీ పైపు దిగగొట్టాను. నాలుగో మడిలో తొమ్మిది నిమిషాలు. పక్కనే ఉన్న ఐదో దాంట్లో ఇరవై రెండు.