బత్తాయి తోటలో ముగ్గురు కెప్టెన్లు

"సార్, మీ దోస్తులు కొట్లాడుకుంటున్నరా?" అంటూ మా తోట చూసుకునే ఎంకన్న పోయిన ఆదివారం ఉరుక్కుంటూ వచ్చాడు. కొట్లాటేం లేదు. ముగ్గురం చెట్టు కింద కూచుని ఒకరినొకరు మంచినీళ్లు అడుగుతున్నాం, అంతే. మా ముగ్గురిలో ఇద్దరికి చెవి మిషన్లున్నాయి. మూడోవాణ్ణి నేను. నాకు అక్కర్లేదని నా నమ్మకం. మా ఆవిడ నమ్మకం వేరు.

ముగ్గురం విమానాలు నడిపినవాళ్లమే. వయసులో ఉన్నప్పుడు తిరుగుతున్న ఇంజిన్ల పక్కన చెవులు మూసుకోకుండా నడవడం మాకో ఫ్యాషన్. ఆ ఫ్యాషన్‌కు బిల్లు ఇప్పుడొచ్చింది.

నల్గొండ నుంచి పానగల్లు దాటాక మా బత్తాయి తోట. కాయ కోతకొచ్చినప్పుడు ఏటా ఈ ఇద్దరూ హైదరాబాద్ నుంచి వస్తారు. ఒకాయన సొంతూరు వనపర్తి, ఇంకొకాయనది సికింద్రాబాద్. ముగ్గురం కలిస్తే చెప్పుకునేవన్నీ పాత జోకులే. వాటిని చాలాసార్లు విన్న మా మనవరాలు "తాతయ్యా, మీ జోకులన్నింట్లో ఎవరో ఒకరు తప్పు చేస్తారేంటి?" అంది. నిజమే. తప్పు చేశామని పదిమందిలో ఒప్పుకోవడానికి మాకు అంతకంటే మర్యాదైన దారి ఉండేది కాదు.

నా మొదటి కెప్టెన్ హైదరాబాద్ పాత బస్తీ మనిషి. పేరు రాయను, కెప్టెన్ సాబ్ అందాం. డెక్కన్ ఎయిర్‌వేస్‌లో డకోటా విమానాలు నడిపి వచ్చాడు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేటలో పెట్టిన కంపెనీ అది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ కంపెనీయే. 1953 ఆగస్టులో ఎనిమిది విమాన కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. ఆ సంగతి కెప్టెన్ సాబ్ ఇలా చెప్పేవాడు: "ఎనిమిది మంది కోడండ్లను ఒక్క అత్త కింద ఏసిన్రు. అందరు కలిసి తెచ్చిన కట్నం 99 ఇమానాలు. అండ్ల 74 డకోటాలే."

డకోటాలో వాన పడితే అద్దాల సందుల్లోంచి నీళ్లు ఒళ్లోకి కారేవట. "పెంకుటిల్లే నయం, కింద గిన్నె పెట్టుకోవచ్చు. ఇక్కడ గిన్నె పెట్టే జాగల మనమే కూచుంటిమి" అనేవాడు.

ఆయన రాత్రి టపా విమానాలు కూడా నడిపాడు. 1949లో మొదలైన ఏర్పాటు అది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు రాత్రిపూట ఉత్తరాల సంచులతో నాగపూర్ చేరేవి. అక్కడ సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు తిరిగిపోయేవాళ్లు. మ్యాపు మీద మద్రాసు నుంచి నాగపూర్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది మా మిర్యాలగూడ వైపు నుంచే పోతుంది. నా చిన్నప్పుడు మా అమ్మ రాత్రిపూట మోత వినపడగానే "లచ్చిందేవి బండి పోతుంది, పండుకో" అనేది. ఆ మాట కెప్టెన్ సాబ్‌కు చెప్తే "అవునా? మీ ఊరి కుక్కలు మొరుగుడు నాక్కూడా పైకి ఇనపడేది" అన్నాడు. తొమ్మిది వేల అడుగుల పైకి కుక్క అరుపు! నేను ఒక పూటంతా నమ్మాను కూడా.

ఇక ముల్లు కథ. మా ముగ్గురికీ బాగా ఇష్టమైంది ఇదే.

అప్పట్లో దారి చూపడానికి ఏడీఎఫ్ అని ఒక పరికరం ఉండేది. పనితనంలో ఒక రకం మీడియం వేవ్ రేడియో. కింద నేల మీద ఉన్న బీకన్, అంటే దారి చూపే రేడియో స్టేషన్, ఫ్రీక్వెన్సీ పెడితే డయల్ మీద ముల్లు అటు తిరుగుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ పెట్టినా తిరుగుతుంది. అలా పెడితే దారీ తెలిసేది, చెవిలో పాటలూ వచ్చేవి. దాని రోగం ఒక్కటే. మెరుపు కూడా దానికి రేడియో స్టేషన్ లాగే కనపడుతుంది. పక్కన ఉరుముల మబ్బు ఉంటే బీకన్‌ను వదిలేసి ముల్లు మబ్బు వైపు తిరుగుతుంది.

1975 మే నెల, సాయంత్రం. విజయవాడ నుంచి ఆవ్రో విమానంలో వస్తున్నాం. సూర్యాపేట దాటాక ఎడమ పక్కన, సరిగ్గా మా నల్గొండ మీద, కాటుక లాంటి మబ్బు లేచి ఉంది. స్టీరింగ్ నా చేతిలో. కెప్టెన్ సాబ్ పల్లీలు ఒలుచుకు తింటున్నాడు. ముల్లు మెల్లగా ఎడమకు జరిగింది. కొత్త పైలట్‌ని కదా, దాని వెంటే నేనూ జరిగాను.

"ఎటు పోతున్నవ్?"

"బేగంపేటకు సార్."

ఆయన ఇంకో పల్లీ ఒలిచాడు. పొట్టు ఊదాడు. "మనం విజయవాడల లేచినప్పుడు బేగంపేట యాడుండె?"

"ముందర సార్."

"అది యాడికి పోలే బిడ్డా. అక్కడనే ఉంది. కదిలింది నీ ముల్లు. దానికి ఉరుములంటే పిచ్చి, మనకు ఇల్లంటే పిచ్చి. ఎవరి మాట ఇంటవ్?"

ముక్కు కుడికి తిప్పాను. మబ్బును ఎడమకు వదిలి ఉత్తరంగా చుట్టి వచ్చేసరికి ఒక మెరుపు మెరిసింది. ఆ వెలుగులో భువనగిరి గుట్ట, మోకాళ్ల మీద పడుకున్న ఏనుగులా, ఒక్క క్షణం తెల్లగా కనిపించి మాయమైంది. అక్కడి నుంచి బేగంపేట రన్‌వేకు దాదాపు తిన్నగా పడమటికి దారి, పది నిమిషాలు. కెప్టెన్ సాబ్ ఒళ్లో పొట్టు దులుపుకుని "టవర్‌కు చెప్పు వస్తున్నమని. చాయ్ కూడా పెట్టుమను" అన్నాడు. నా చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

ఆ తర్వాత "బేగంపేట యాడికి పోలే" అన్నది మాలో సామెత అయిపోయింది. కుర్ర కో-పైలట్‌కు టెన్షన్ వస్తే అదే మాట. వనపర్తి ఆయన కూతురి పెళ్లిలో మండపం కరెంటు పోతే కూడా అదే మాట.

నా సొంత తప్పు ఒకటి చెప్పకపోతే ఈ ఇద్దరూ ఊరుకోరు. మైకు ఎవరికి వినపడాలో ఎంచుకునే ఒక గుండీ ఉంటుంది. ఓసారి విజయవాడ నుంచి వస్తూ, కంపెనీ ఫ్రీక్వెన్సీ అనుకుని, "దయచేసి మా ఇంటికి ఫోన్ చేసి చెప్పండి, నూజివీడు రసాలు దొరకలేదు, నేనేం చేయను, నా మీద కోపం పెట్టుకోవద్దు" అని తెలుగులో వివరంగా చెప్పాను. గుండీ ప్రయాణికుల వైపు ఉంది. క్యాబిన్ తలుపు వెనక నుంచి నవ్వు ముందు సన్నగా, తర్వాత గట్టిగా వినపడింది. దిగేటప్పుడు ఒక పెద్దాయన మెట్ల కింద ఆగి, బుట్టలోంచి ఆరు రసాలు తీసి నా టోపీలో పెట్టి, "మా ఇంట్లో కూడా ఇంతే నాయనా" అని వెళ్లిపోయాడు. టోపీకి మామిడి వాసన వారం పోలేదు.

కెప్టెన్ సాబ్ మాట తప్పింది ఒక్కసారే. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలైంది. ప్రయాణికుల విమానాలన్నీ అటు వెళ్లిపోయాయి. నేను అప్పటికే రిటైర్ అయి రెండేళ్లు. ఆ ముందు రాత్రి సికింద్రాబాద్ ఆయన ఫోన్ చేశాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి "అరే, బేగంపేట పోయింది రా" అన్నాడు. నవ్వుదామనుకున్నాం ఇద్దరం.

మొన్న ఆదివారం రాత్రి మంచాలు బయట వేసుకున్నాం. ఉత్తరం వైపు ఒక విమానం దీపాలు పడమటికి జారుతున్నాయి. మోతను బట్టి అది ఎయిర్‌బస్ అని వనపర్తి ఆయన, కాదు బోయింగ్ అని నేను. రెండు బస్తాల బత్తాయి పందెం. సికింద్రాబాద్ ఆయన చెవి మిషన్ తీసి పెట్టేశాడు కాబట్టి రెఫరీ అయ్యాడు.

ఎంకన్న కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఫోన్ తీసి ఆకాశం వైపు చూపించి, "సార్, అది రాజమండ్రి నుంచొచ్చే ఏటీఆర్. జెట్ కాదు, ఫ్యాన్లది" అన్నాడు.

పందెం కాయలు వాడే పట్టుకెళ్లాడు.