చిక్కబళ్ళాపురం కొండ మీద మా కంకర దారి

మే మొదటి వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి, తెల్లవారుజామున 5 గంటలకి మారతహళ్ళి నుంచి బయల్దేరాను. పక్కన మామయ్య. డిక్కీలో రెండు పారలు, ఒక గడ్డపలుగు, తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు. హెబ్బాళ దాటి 44వ నంబరు హైవే ఎక్కాక ట్రాఫిక్ పల్చబడింది. దేవనహళ్ళిలో ఇడ్లీ తిని, ఎడమ పక్కన నంది కొండలు మంచులోంచి బయటపడుతుంటే చూస్తూ చిక్కబళ్ళాపురం చేరాం. బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లే.

మామయ్యది నెల్లూరు. బ్యాంకులో రిటైరయ్యాక ఇక్కడ కొండ వాలులో నాలుగెకరాల మామిడి తోట కొని, పైన చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఊరి తారు రోడ్డు నుంచి ఇంటి దాకా 380 మీటర్ల సొంత దారి. నిరుడు ఒక కాంట్రాక్టరు ఎర్రమట్టి చదును చేసి, మీద 20 ఎంఎం జల్లి పరిచి వెళ్ళిపోయాడు. (ఇక్కడ కంకరని జల్లి అంటారు.) అక్టోబరు వానలకి ఆ జల్లి సగం జారి తారు రోడ్డు మీదకి వచ్చింది, సగం మట్టిలో కూరుకుపోయింది. అప్పుడే ఒక రాత్రి అత్తయ్యకి జ్వరం ముదిరితే కారు పైకి ఎక్కలేదు. ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకుంటూ దించాం. అప్పటినుంచి ఆవిడ బెంగళూరులో మా ఇంట్లోనే ఉంది.

ఆ ఊళ్ళో బోర్డులు కన్నడంలో ఉంటాయి, మాటలు మాత్రం తెలుగే. రోడ్డు పనుల్లోనే జుట్టు నెరిసిన ఒక పెద్దాయన జేసీబీతో పాటు వచ్చాడు. దారి వైపు చూడకుండా నేరుగా దాని పైనున్న కొండ వైపు నడిచాడు. "నీళ్ళు యాడ దిగుతాండాయో ముందు సూడాల సామీ. కారు సంగతి తర్వాత" అన్నాడు. నేనూ వెంట నడిచాను. బండల మధ్య మూడు చోట్ల ఎండిన వాగు జాడలు. మూడూ వచ్చి మా దారి మీదే పడుతున్నాయి! నిరుటి కాంట్రాక్టరు గానీ, మేము గానీ ఒక్కసారి కూడా పైకెక్కి చూడలేదు.

తర్వాత ట్యూబుతో వాలు కొలిచాం. మధ్యలో 60 మీటర్ల ముక్క పది మీటర్లకి 1.8 మీటర్లు లేస్తోంది, అంటే 18 శాతం. వాలు 12 శాతం దాటితే కంకర నిలవడం కష్టం, టైరు తిరిగినప్పుడల్లా కిందకి తోస్తుంది. అంత ఎత్తునీ 12 శాతంలో ఎక్కాలంటే 90 మీటర్లు కావాలి. అందుకని దారిని రెండు మామిడి చెట్ల వెనక నుంచి వంపు తిప్పాం. ఒక చెట్టు పోయింది. మామయ్య ఆ పూట అన్నం తినలేదు.

జేసీబీ తవ్విన మట్టిని దిగువ అంచున ఊరికే గుమ్మరిస్తే మొదటి వానకే జారిపోతుంది. పెద్దాయన దాన్ని పొరలు పొరలుగా వేయించి, తడిపి, ప్రతి పొర మీదా రోలర్ నడిపించాడు. ఎగువ పక్కన కాలువ తీశాం. పెద్ద వాగు జాడ దారిని దాటే చోట 450 ఎంఎం హ్యూమ్ పైపు (సిమెంటు కాంక్రీటు గొట్టం) వేసి, పైన అడుగు మందాన మట్టి కప్పి దిమ్మిస చేశాం. ఎక్కువ వాలున్న చోట 30 మీటర్లకొకటి చొప్పున దారికి అడ్డంగా, ఏటవాలుగా, కారు అడుగు భాగం నేలకి తగలనంత వెడల్పుగా పల్లాలు తీశాం. దారి మీద పడ్డ నీళ్ళు వేగం పుంజుకోకముందే వాటిలోంచి పక్కకి దిగిపోవాలి.

రాయి దగ్గర నాకు అసలు విషయం అర్థమైంది. ఏటి గులకరాళ్ళు గుండ్రంగా ఉంటాయి, ఎంత తొక్కినా దొర్లుతాయి. క్రషర్ రాయికి కోణాలుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అయితే నిరుటిలా ఉత్త జల్లి వేస్తే అదీ నిలవదు, సందుల్లో పొడి నిండితేనే బిగుస్తుంది. ఈసారి అడుగున 40 ఎంఎం, పైన 20 ఎంఎం జల్లి, క్వారీ డస్టు, కొంచెం జిగురు మట్టి కలిపి వేశాం. 12 అడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం, మధ్యలో అంచులకన్నా మూడంగుళాల ఎత్తు. రోలర్ తొక్కాక అది 200 ఘనపు మీటర్ల పైమాట. వదులుగా ఉన్నప్పుడు ఇంకో పావు వంతు ఎక్కువ తెప్పించాలి. ఇలా నీళ్ళు చల్లి, రోలర్ తొక్కించి బిగించే కంకర రోడ్డుని మన ఇంజనీర్లు డబ్ల్యూబీఎం, అంటే వాటర్ బౌండ్ మెకాడమ్ అంటారు. ఆ మాటలో ఉన్న మెకాడమ్ స్కాట్లాండ్ మనిషి. 1816లో బ్రిస్టల్ రోడ్లు చూసే ఉద్యోగంలో చేరాడు. అడుగు మట్టి పొడిగా ఉంటే బరువంతా అదే మోస్తుందని ఆయన నమ్మాడు. మా పెద్దాయనకి ఆ పేరు తెలియదు, పని మాత్రం అదే.

మూడో రోజు సాయంత్రం ఉరుములతో వాన మొదలైంది. గొడుగు, టార్చి పట్టుకుని ఇద్దరం దారి వెంట దిగాం. మొదటి పల్లంలో నీళ్ళు వచ్చి, మలుపు తిరిగి, పక్కకి దిగిపోయాయి. రెండోదీ అంతే. నాకు ఒళ్ళు పులకరించింది. ఈ నీళ్ళు చిత్రావతిలో కలుస్తాయి, చిత్రావతి పెన్నాలో కలుస్తుంది, పెన్నా మా నెల్లూరు మీదుగా సముద్రానికి పోతుంది. మామయ్య కూడా అదే అనుకుంటున్నాడేమో, చాలాసేపు కదల్లేదు.

వంపు దగ్గర మాత్రం కాలువ పొంగి దారెక్కుతోంది. పైపు నోట్లో మామిడాకులు, కొమ్మలు అడ్డం పడ్డాయి. మామయ్య గొడుగు పక్కన పడేసి కాలువలోకి దిగి చేతుల్తో లాగాడు. పైపు ఒక్కసారిగా గుక్క తిప్పుకున్నట్టు శబ్దం చేసి నీళ్ళు మింగింది. అవతలి నోటి దగ్గర నేల అప్పటికే జానెడు కోసుకుపోయి ఉంది. పొద్దున్నే అక్కడ పెద్ద బండరాళ్ళు పేర్చాం.

నాలుగో రోజు మధ్యాహ్నం కారు కింద నుంచి సెకండ్ గేర్‌లో ఎక్కించాను. ఎక్కడా టైరు జారలేదు. ఇంజన్ ఆపుతుంటే అత్తయ్య ఫోను. "గుమ్మం దాకా వచ్చిందా నాయనా?" అని అడిగింది. వచ్చిందని చెప్పాను. శనివారం తీసుకెళ్ళమంది.