అక్క మాత్ర, నా మాత్ర

అక్కకీ నాకూ డాక్టర్ రాసింది ఒకటే మందు, దిగులు, ఆందోళన తగ్గడానికి వాడే ఎస్సిటాలోప్రామ్ 10 ఎం.జి. అక్క రోజూ రాత్రి అన్నం తినగానే వేసుకుని క్యాలెండర్‌లో టిక్ పెట్టేది. పాల లెక్క కూడా అలాగే రాస్తుంది తను. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి.

నాకేమో ప్రతిదానికీ టెన్షన్. మొదటి వారం కడుపులో తిప్పేసరికి ఈ మందు నాకు పడదని భయపడ్డాను. ఆ వికారం చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుందని, గుణం తెలియడానికి 2 నుంచి 6 వారాలు పడుతుందని డాక్టర్ చెప్పినా మనసుకు ఎక్కలేదు. ఎలాగో 3 నెలలు వాడాను. కాస్త తేలికపడగానే, ఇక నేనే నెట్టుకొస్తానని ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. రెండు రోజులకే కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం. నెలన్నరకి మళ్లీ పాత దిగులు.

ఈసారి చూసిన డాక్టరమ్మ తిట్టలేదు. "మీకు దేనికి భయం?" అని అడిగి ఓపిగ్గా విన్నారు. బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడాలని, ఆపేటప్పుడు మోతాదు మెల్లగా తగ్గిద్దామని చెప్పారు. నాలాంటి వాళ్లకి మొదట్లో కావాల్సింది అలా వినే మనిషే.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి అక్క ఫోన్ చేస్తుంది. "వేసుకున్నావా?" అంటుంది, అంతే.