త్రికోణాలు, ముళ్ల బంతులు, ఒక పడవ

కార్తీక వనభోజనాలకు అరకు వెళ్లివచ్చిన పక్కింటి పిన్నిగారు ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "వలిసె పూల తేనెట అమ్మాయీ. రోడ్డు పక్కన కొన్నాను. నీ మైక్రోస్కోపులో చూసి నిజమో కాదో చెప్పు." నేను బోటనీ పాఠాలు చెబుతానని తెలిసినప్పటి నుంచి, సీతమ్మధారలో మా వీధివాళ్లకు నేను రక్తపరీక్షల కేంద్రంతో సమానం.

శనివారం కాలేజీ ల్యాబులో కూర్చున్నాను. 10 గ్రాముల తేనెను 20 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించాలి. వేడి 40 డిగ్రీలు దాటకూడదు. సెంట్రిఫ్యూజులో తిప్పితే అడుగున గోరంత మడ్డి మిగులుతుంది, తేనెటీగలు ఏ పూల మీద వాలాయో చెప్పే పుప్పొడి అందులోనే ఉంటుంది. తీపి నీళ్లన్నీ పారబోసి (మా అమ్మ చూస్తే ఊరుకునేది కాదు) ఆ మడ్డిని గ్లిజరిన్ జెల్లీతో స్లైడు మీద పరుస్తాం. అసలు కష్టం లెక్కలో ఉంది. 300 పుప్పొడి రేణువులు లెక్కపెట్టేసరికి మెడ పట్టేసింది.

వలిసె పుప్పొడిని పోల్చుకోవడం తేలిక. పొద్దుతిరుగుడు కుటుంబం కాబట్టి ఒంటినిండా ముళ్లున్న బంతిలా ఉంటుంది. అవి నలభైకి మించలేదు. సగానికి పైగా చిన్న చిన్న త్రికోణాలే. త్రికోణమంటే నీలగిరి చెట్టు (యూకలిప్టస్) కావచ్చు, నేరేడూ కావచ్చు. రెండూ ఒకే కుటుంబం. నేరేడు రేణువు మరీ చిన్నది. ఇవి నీలగిరివే.

ఒక పువ్వు పుప్పొడి 45 శాతం దాటితే దాన్ని ప్రధాన పుప్పొడి అంటారు. అలాగని పిన్నిగారితో "ఇది నీలగిరి తేనె, మిమ్మల్ని మోసం చేశారు" అనలేను. నీలగిరి పుప్పొడి తేనెలోకి మామూలుగానే దండిగా చేరుతుంది. నారింజది ఇందుకు తలకిందులు, మకరందం ఎంత ఇచ్చినా పుప్పొడి కాస్తే కనిపిస్తుంది. రేణువుల లెక్క మకరందం లెక్క కాదు. అయినా ఇందులో లెక్కపెట్టడానికి ఏదో ఒకటి ఉంది. అద్దంలా మెరిసేదాకా సన్నగా వడకట్టిన తేనెలో పుప్పొడి కూడా పోతుంది, అది ఊరూ పేరూ లేని తేనె.

చివర్లో పడవ ఆకారంలో, మధ్యన ఒకే గాడితో ఏడెనిమిది రేణువులు కనిపించాయి. బీచ్ రోడ్డు చెట్టు నుంచి తెచ్చి నేను చేసుకున్న కొబ్బరి స్లైడు పక్కన పెట్టి చూస్తే అచ్చం అదే. కొబ్బరంటే మైదానం! కొండ తేనె కాదు, దొంగ దొరికాడు అనుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది జీలుగు. ఏజెన్సీలో ఎటు చూసినా ఉండే ఆ చెట్టూ తాటి, కొబ్బరి కుటుంబమే. దాని పుప్పొడికీ ఒకే గాడి. తేడా తేల్చాలంటే జీలుగు స్లైడు పక్కన ఉండాలి. నా పెట్టెలో అది లేదు.

పాడేరు నుంచి వచ్చే విద్యార్థి ఒకడిని ఊరెళ్లినప్పుడు విచ్చుకున్న జీలుగు పూలు తెమ్మన్నాను. సోమవారం ఉత్త చేతులతో వచ్చాడు.

"మా ఊళ్లో చెట్లన్నీ కల్లుకు కట్టేశారు మేడమ్. గెల కోసి కుండ కట్టాక ఇంకా పువ్వెక్కడ విచ్చుకుంటుంది?"

పిన్నిగారు సీసాలో సగం అప్పుడే ఖాళీ చేశారు.