పులిహోర చల్లారిపోయింది

"నాన్నా, నువ్వు 2003లోనే ఆగిపోయావ్" అన్నాడు మావాడు, పెన్ హిల్స్ వెంకన్న గుడి క్యాంటీన్లో, పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని.

గొడవ ఏంటంటే పిట్ (మా పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్) చరిత్రలో బెస్ట్ వైడ్ రిసీవర్, అంటే దూరంగా పరిగెత్తి విసిరిన బంతిని పట్టేవాడు, ఎవరని. నాకైతే అసలు డౌటే లేదు, లారీ ఫిట్జెరాల్డ్. 2003లో 92 క్యాచ్‌లు, 22 టచ్‌డౌన్లు, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి బెస్ట్ ప్లేయర్‌కిచ్చే హైజ్‌మన్ అవార్డులో రెండో స్థానం. ఇద్దరు డిఫెండర్లు మీద పడినా బంతి మాత్రం వాడి చేతుల్లోనే ఉండేది, అప్పుడు స్టూడెంట్ టికెట్ మీద చలికి వణుక్కుంటూ చూసినవాణ్ణి, నాకు చెప్తాడా వీడు!

మావాడిది జోర్డన్ ఆడిసన్ పార్టీ. 2021లో సరిగ్గా 100 క్యాచ్‌లు, బెస్ట్ రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు, పైగా ఆ ఏడు ఏసీసీ (పిట్ ఆడే కాలేజీల లీగ్) టైటిల్ మనదే. "తర్వాతేడే యూఎస్‌సీకి, వేరే యూనివర్సిటీకి చెక్కేశాడు కదరా" అన్నా. "ఫిట్జెరాల్డ్ మాత్రం రెండేళ్ళకే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి పోలేదా?" అన్నాడు. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఈలోగా పక్క టేబుల్ బాబాయ్‌గారు తిరిగి, "టైలర్ బోయిడ్ ఇక్కడి క్లెయిర్‌టన్ కుర్రాడు బాబూ, పిట్‌లో మొత్తం 254 క్యాచ్‌లు, పిట్ రికార్డ్ వాడిదే" అన్నారు. అంత పట్టు పంచెలో ఆ నంబర్ వస్తుందని నేనైతే అనుకోలేదు.

నిజానికి నాకు కావలసింది ఫిట్జెరాల్డ్ గెలవడమా, ఆ చలి సాయంత్రాలా అని కార్లో కాసేపు అనిపించింది. ఇంతలో వెనక సీట్లోంచి మావాడు ఆడిసన్ వీడియో పెట్టాడు, సౌండ్ ఫుల్లు.

సర్లే, క్యాచ్ బానే పట్టాడు.